మంట తెలియని కాలు

పీర్ల పండగ అయిపోయి రెండు మూడు దినాలయింది. మాయన నీళ్ళు పోసుకుని, పంచె పిండుకుంటా వసారాలోకి నడిచొచ్చినాడు. మా ఇంటి ముందర పరిచినవి కడప బండలు. ఆ ఎండకు తడికాళ్ళతో నడిస్తే అడుగులు కండ్ల ముందరే ఆరిపోతాయి. ఎడమకాలి అడుగులు అట్లనే ఆరిపోయినాయి. కుడికాలివి ఆరలే. జొన్నలు చెరుగుతాండేదాన్ని, చేట పక్కనపెట్టి పోయి చూసినా. నీళ్ళు కాదు. పచ్చగా జిగట. ఈగలు వాలతాండాయి.

"యో, కాలు చూపీ" అన్నా.

"కాలికేమయింది? బాగానే ఉండాది."

రెక్క పట్టి వసారా గట్టు మీద కూలేసి అరికాలు తిప్పి చూస్తే నా పానం పోయినంత పనయింది. బొటనవేలి కింద బొబ్బ పగిలి, తోలు పక్కకు పోయి, లోపల ఎర్రగా గుంత. ఆ పుండు పెట్టుకుని ఈ మనిషి చేనుకు పోతాండాడు, వస్తాండాడు, నేను పెట్టిన రొట్టె తింటాండాడు, ఒక్క మాట అనలే.

"నొయ్యలేదా?" అన్నా.

"లే."

"మంట?"

"లేదంటే లేదు మే."

అబద్ధం చెప్తాండాడేమో అని పుండు పక్కన వేలుతో అదిమినా. మొగంలో కదలికే లే. పైగా నన్ను చూసి నవ్వినాడు. "చూసినావా సామి మహిమ" అన్నాడు. ఆ నవ్వు చూసి నాకు భయమయింది. నొప్పితో అరిచింటే అంత భయం కాకపోవునేమో.

నా పేరు ఈశ్వరమ్మ. కర్నూలుకు బస్సులో పోయొచ్చే పల్లె మాది, వాన పడితేనే పంట. మాయన పేరు హుసేన్ రెడ్డి. బయటూరోళ్ళు ఆ పేరు విని ఇంకోసారి అడుగుతారు. మా పక్క ఇది మామూలే. మా అత్తకు పుట్టిన బిడ్డలు పుట్టినట్లే పోతాంటే పీర్ల చావిడికి పోయి మొక్కుకునింది. ఈ బిడ్డ బతికితే నీ పేరు పెడతా, పెద్దోడయినాక నీ గుండం తొక్కుతాడు అని. బిడ్డ బతికినాడు. మూతి మీద మీసం వచ్చినప్పటి నుంచి ఏ ఏడూ తప్పకుండా గుండం తొక్కుతానే ఉండాడు.

తెలియని వాళ్ళ కోసం చెప్తాండా. పండగ ఆఖర్న చావిడి ముందర గుంత తీసి చింత మొద్దులు కాలుస్తారు. అవి నిప్పులయినాక పరిచి, పీర్లను ఎత్తుకున్నోళ్ళు, మొక్కున్నోళ్ళు దాంట్లో నడిచి పోతారు. మా ఊర్లో దీనికి సాయబులని లేదు, రెడ్లని లేదు, అందరూ ఉంటారు. తప్పెట్లు మోగుతాంటే జనం గబగబా దాటేస్తారు. మాయన కూడా చిన్నప్పుడు అట్లనే ఉరికేవాడంట. ఈ నాలుగైదేండ్లుగా మాత్రం నిదానంగా నడవబట్టినాడు. మధ్యలో నిలబడి చేతులెత్తి మొక్కేది కూడా. "హుసేనప్పకు నిప్పు పూలమాదిరి" అని ఊరంతా ఒకటే మాట. తల్లులు చంటిబిడ్డల్ని తెచ్చి ఆయన చేత్తో తల నిమిరించుకుని పోతాండ్రి. నేను కూడా కొంగు సర్దుకుని ముందరి వరసలో నిలబడేదాన్ని, దాచేదేముంది.

షుగరు ఉండాదని ఆయనకు తెలుసు. ఎప్పుడో కంటి క్యాంపులో చూసి చెప్పినారు. కొన్నాళ్ళు మాత్రలు మింగి ఇడిచిపెట్టినాడు. అడిగితే "నాకేమన్నా నొస్తాండాదా, తల తిరగతాండాదా?" అని నా నోరే మూయించేవాడు. ఏమీ తెలియకపోతే ఏమీ లేనట్లే అని ఆయన లెక్క. మొండోడితో ఎవరు వాదించేది!

పుండు చూసినాక మా ఊర్లో సూదులేసే ఆయనను పిలిపించినా. ఆయన సూది పొడిచి, పౌడరు చల్లి, గుడ్డ కట్టి పోయినాడు. పక్కింటామె ఆముదంలో పసుపు కలిపి పెట్టమనింది, అదీ పెట్టినా. వారమయినా గుంత పూడలే. గుడ్డ ఇప్పితే వాసన.

మా ఊరికి బేస్తవారం ఒక బండి వస్తాది. కడపలో ఆఫీసు పెట్టుకున్న ఒక ఫౌండేషన్ వాళ్ళది. డాక్టర్లు కొందరు, వ్యాపారాలు చేసుకునేటోళ్ళు కొందరు కలిసి పెట్టినారంట, పల్లెల్లో షుగరు, బీపీ, కాన్పులు చూసేదానికి. మేము "బేస్తారం బండి" అంటాము. కొత్తలో ఎవరు నమ్మినారు? ఓట్ల కోసం వచ్చినారేమో అని కొందరు, మందులు అంటగట్టి పోతారులే అని కొందరు. బడి వరండాలో వాళ్ళు పొద్దంతా ఈగలు తోలుకుంటా కూచునే దినాలు కూడా ఉండె. అయినా వారం తప్పకుండా వచ్చేది. నేనే ఎన్నోసార్లు వాళ్ళ ముందర నుంచే బిందె పెట్టుకుని నీళ్ళకు పోయినా. "అమ్మా, వేలు ఒకసారి పొడిచి చూస్తాము రా" అని సిస్టర్ పిలిస్తే "నాకేం రోగం! గుండ్రాయి మాదిరి ఉండా, పో" అనేదాన్ని.

ఆ బేస్తవారం మాయనను బలవంతాన తీసుకపోయినా. ఆడ డాక్టరమ్మ ఉండింది. వయసులో పెండ్లయిన మా పాప కంటే కొంచెం పెద్దదేమో. మాయనను కుర్చీలో కూచోబెట్టి ఆమె కింద పొట్టి స్టూల్ మీద కూచునింది. కాలు అందుకుని ఒళ్ళో పెట్టుకోబోయింది. మాయన కాలు వెనక్కి లాక్కున్నాడు.

"వద్దమ్మా, ఆడబిడ్డవు, చదువుకున్నదానివి. నా కాళ్ళు ముట్టుకోవద్దు" అన్నాడు.

"కాళ్ళు ముట్టుకోకుండా కాళ్ళెట్ల చూసేది పెద్దాయనా?" అని ఆమె నవ్వుతానే కాలు లాక్కుని ఒళ్ళో పెట్టుకునింది. నేను సిగ్గుతో తల దించుకున్నా.

కండ్లు మూసుకోమనింది. ఒక చిన్న పుల్లకు గుచ్చిన నైలాన్ దారం తీసింది, గాలానికి కట్టే దారం మాదిరి ఉండాది. "దారం తగిలినప్పుడు తగిలిందని చెప్పు" అనింది. దారం వంగేదాకా బొటనవేలికి ఆనించింది. మాయన పలకలే. చిటికెనవేలికి ఆనించింది. పలకలే. అరికాలి నడుమ, మడమ దగ్గర, అన్ని తావులా పెట్టి చూసింది. మాయన కండ్లు మూసుకుని బుద్ధిగా కూచున్నాడు.

కాసేపటికి "ఎప్పుడు మొదలుపెడతావమ్మా?" అన్నాడు.

డాక్టరమ్మ దారం కింద పెట్టింది. నన్ను దగ్గరికి రమ్మనింది.

"దీన్ని న్యూరోపతి అంటారమ్మా" అని ఆమె నాకు చెప్పింది. "షుగరుతో కాళ్ళ నరాలు మొద్దుబారినాయి. ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తగిలినా ఈయనకు తెలియదు. నొప్పి లేదని సంతోషపడొద్దు. నొప్పే మనకు కాపలా. ఈయనకు ఆ కాపలా పోయి శానా ఏండ్లయింది."

మాయన మొగం ఎర్రబడింది. "అంటే గుండంలో నేను నడిచింది భక్తి కాదా? రోగమా?" అన్నాడు.

"భక్తి సంగతి నాకు తెలియదు పెద్దాయనా. నరాల సంగతి తెలుసు, అది చెప్తాండా."

ఇంటికొచ్చినాక రెండు దినాలు నాతో మాట్లాడలే. ఊరంతా చేతులెత్తి మొక్కిన కాళ్ళు అవి.

ఆ తర్వాత టెస్టుల మీద టెస్టులు. మూడు నెలల షుగరు చెప్పే HbA1c శానా ఎక్కువ వచ్చింది. కర్నూల్లో ఎక్స్‌రే తీసినారు. డాప్లర్ చేసినారు, కాలికి రక్తం పోతాండాదా లేదా అని చూసేది అది. "రక్తం బాగా పోతాండాదమ్మా, అదృష్టం. ఎముక కూడా ఇప్పటికి బాగుంది. కాలు నిలబెట్టుకోవచ్చు. కానీ పుండు ఎముకలోకి దిగిందంటే కాలు తీయాల్సి వస్తాది, అది మర్చిపోవద్దు" అనింది డాక్టరమ్మ. కాలు తీయాల్సి వస్తాది అనే మాట దగ్గరే నా చెవులు మూసుకపోయినాయి. మిగిలింది ఏమి చెప్పిందో సిస్టర్ను మళ్ళీ అడిగి తెలుసుకున్నా.

చెడిపోయిన కండ అంతా కోసి తీసేసినారు, డిబ్రైడ్‌మెంట్ అంటారు. మత్తు సూది కూడా పెద్దగా అవసరం పడలేదంట. ఇన్సులిన్ మొదలుపెట్టినారు. పొద్దన, మాపటేళ నేనే పొడిచేది నేర్చుకున్నా. పుండు మీద బరువు పడకుండా మోకాలి కింద దాకా ఒక కట్టు వేసినారు, టోటల్ కాంటాక్ట్ కాస్ట్. "వారం వారం వచ్చి మారుస్తాము. దీన్ని తడపకూడదు. ఎంత తక్కువ నడిస్తే అంత మంచిది" అని పదిసార్లు చెప్పినారు. మాయన తల ఊపినాడు. ఆయన తల ఊపితే నాకు నమ్మకం తక్కువే.

అయినా కట్టు మార్చినప్పుడల్లా పుండు తగ్గుతా వచ్చింది. డాక్టరమ్మ మొగంలో నవ్వు కనపడింది. మా ఇంటి గట్టు మీద కాలు చాపుకుని కూచుని ఆయన మబ్బుల కల్లా చూస్తా ఉండె. ఆ ఏడు వాన ఆలస్యమయింది. చేను దున్ని పెట్టుకుని ఊరంతా ఆకాశం కల్లా చూస్తాండారు.

వాన పడింది.

మన సీమలో వాన పడితే మగోడు ఇంట్లో కూచుంటాడా? నేల పదునుగా ఉండేది రెండు మూడు దినాలే, ఆ లోపలే విత్తనం పడాల. మా పాప అత్తగారింట్లో, ఊర్లో అందరికీ ఎవరి చేను వాళ్ళకే. కూలికి మనుషులు దొరకలే. "వాళ్ళనీ వీళ్ళనీ అడిగి చూస్తా, నువ్వు కదలొద్దు" అని చెప్పి నేను ఊర్లోకి పోయినా. తిరిగొచ్చేసరికి గట్టు మీద మనిషి లేడు. గోడకు ఆనించిన విత్తనాల గొర్రు లేదు. కొట్టంలో ఎద్దులు లేవు.

చేను కాడికి ఉరికినా. ఆయన గొర్రు పట్టుకుని సాలు ఎంబడి నడుస్తాండాడు. విత్తనం వేసేటప్పుడు మేము చెప్పులేసుకోము. ఎడమకాలు ఉత్తది. కుడికాలి కట్టుకు ఖాళీ యూరియా సంచి చుట్టి పురికొసతో కట్టుకున్నాడు. సంచి ఎప్పుడో చినిగిపోయింది. మోకాళ్ళ దాకా బురద.

"నీకు మతి ఉండాదా! ఏమి చేస్తాండావు!" అని అరిచినా. గొంతు పోయేదాకా అరిచినా.

"పదును పోతాది మే. మళ్ళీ యాడ వస్తాది వాన" అన్నాడు. ఎద్దుల్ని నిలపలే.

నేనేమి చెప్పాల? ఆ చేన్లో పడేదే మాకు ఏడాది తిండి. మింగలేక కక్కలేక ఆ చేని గట్టు మీదనే కూచున్నా. ఆయన ఆఖరి సాలు దాకా విత్తినాడు. ఇంటికొచ్చి కట్టు కడిగి, గుడ్డతో తుడిచి, ఎండకు పెట్టి ఆరింది అన్నాడు. "డాక్టరమ్మకు చెప్పొద్దు" అన్నాడు. చెప్పాల్సిన పని లేకపోయింది. బేస్తవారం రాకముందే చలిజ్వరం పట్టుకునింది. కట్టు లోపల నుంచి వచ్చే వాసనకు పక్కన కూచోలేకపోతిమి.

సిస్టర్ కట్టు కోసింది. లోపల చర్మం తెల్లగా ఉబ్బి, పుండు నల్లబడి ఉండాది. డాక్టరమ్మ శానాసేపు చూసింది, తిట్టలే. తిట్టింటే బాగుండేది. "అమ్మా, ఇంటికి పోయి బట్టలు తెచ్చుకో. ఇప్పుడే కర్నూలుకు పోదాము" అనింది. వాళ్ళ బండిలోనే పోయినాము. దోవంతా మాయన చేయి నా చేతిలో ఉండె, కాలిపోతాండె.

కర్నూలు పెద్దాసుపత్రిలో సర్జన్ చూసి, ఎమ్మారై చేయించి చెప్పినాడు. "ఆస్టియోమైలైటిస్. ఎముకకు పాకింది. బొటనవేలు, పక్కవేలు రెండూ పోతాయి. అక్కడ ఆగకపోతే మోకాలి కింద తీసేయాల్సి వస్తుంది. రెండింటికీ ఒప్పుకుంటే సంతకం పెట్టండి."

మాయన నా కల్లా తిరిగి, "కాలు తీసేటట్లుంటే నన్ను ఇంటికి తోలకపో" అన్నాడు.

"ఎట్ల తోలకపోవాల? ఎత్తుకొని పోవాల్నా?"

"ఒంటికాలితో చేన్లో ఏమి చేస్తా? చావిడి కాడ ఎట్ల నిలబడతా? నన్నిడిచిపెట్టు."

నాకు కోపం తన్నుకొచ్చింది. వార్డులో జనం ఉండారని కూడా చూడలే. "మీ అమ్మ నిన్ను సామికి మొక్కి బతికించుకునింది. నన్ను ఇంతకాలం నీతో కట్టేసింది. ఇప్పుడు ఒక కాలు కోసం నన్ను ముండమోపిని చేసి పోతావా? నీ కాలు ముఖ్యమా నేను ముఖ్యమా, చెప్పు!" అని గట్టిగా ఏడ్చేసినా. పక్క మంచం మీద ముసలాయన కూడా లేచి కూచున్నాడు. మాయన సంతకానికి చేయి చాపినాడు.

డాక్టరమ్మ ఆడనే ఉండి సర్జన్‌తో మాట్లాడింది. "రక్తం బాగా పోతాంది సర్, ముందు వేళ్ళ వరకే చేసి చూద్దాము" అనింది. ఆయన కూడా అదే అనుకుంటాండా అన్నాడు. వేళ్ళు రెండూ తీసేసినారు. యాంటీబయాటిక్స్ నరంలోకి ఎక్కించినారు. దినం దినం గుడ్డ ఇప్పి చూసేటప్పుడు వాళ్ళ నోటి నుంచి ఏమి వస్తాదో అని నేను వాళ్ళ మొగాలే చూస్తాంటి. ఎర్రదనం పైకి పాకుతాండాదా, దిగుతాండాదా. ఒక పొద్దన సర్జన్ "దిగుతా ఉంది" అన్నాడు. నేను ఆయనకు రెండు చేతులెత్తి దండం పెట్టినా.

ఆ మధ్యాహ్నం మాయన కిటికీ కల్లా చూస్తా అడిగినాడు. "నిప్పుల మీద నడిచినప్పుడు నాకు నిజంగానే ఏమీ తెలియలేదు మే. సామి నన్ను చూస్తాండాడు, అందుకే కాలలే అనుకున్నా. ఎవరూ చూడలేదంటావా?"

నాకేమి తెలుసు, నేను చదువుకున్నదాన్నా? "నేను చూస్తాండా గదా" అన్నా.

పుండు మానేసరికి చలికాలమొచ్చింది. అప్పుడు కడపకు పోయినాము. ఫౌండేషన్ వాళ్ళ ఆఫీసు వెనకాల చెప్పులు కుట్టే గది ఉండాది. మాయన కాలు కాగితం మీద పెట్టించి చుట్టూ గీసుకుని, పోయిన వేళ్ళ కాడ మెత్త పెట్టి, ఎంసీఆర్ చెప్పులు కుట్టించినారు. మెత్తగా ఉంటాయి, అడుగు మీద బరువు ఒక్క తావునే పడదు. "ఇంట్లో కూడా ఇవి లేకుండా అడుగు పెట్టొద్దు" అనింది డాక్టరమ్మ.

ఇంట్లో చెప్పులా! నాకు మొదట మనసొప్పలే. వంటింట్లోకి, దేవుని గూటి కాడికి చెప్పులతో పోతే ఇల్లు ఇల్లేనా అని మొండికేసినా. ఆఖర్న ఇంకో జత కుట్టించుకుని అవి గడప దాటకుండా ఇంట్లోనే ఉంచినాము. దేవుని కాడికి పోయేటప్పుడు మందపు నూలు మేజోళ్ళు. మహానందికి పోయినప్పుడు కూడా మేజోళ్ళతోనే దర్శనం చేసుకున్నాడు, ఎవరూ ఏమీ అనలే.

అప్పటి నుంచి మాపటేళ పని ఒకటి అలవాటయింది. పొద్దుండంగానే గడపలో కూచోబెట్టి ఆయన కాళ్ళు రెండూ కడిగి, తుడిచి, వేళ్ళ సందుల్లో చూసేది, అరికాలు తడిమేది. ముల్లు ఉండాదా, ఎర్రబడిందా, వేడిగా ఉండాదా. సిస్టర్ నేర్పింది. దారంతో ఎట్ల చూడాల్నో మాయనకు కూడా నేర్పింది. ఒక దినం ఆయన నన్ను కూచోమన్నాడు.

"నీవి కూడా చూపీ, చూస్తా."

"ఛీ, మొగుడు పెండ్లాం కాళ్ళు పట్టుకునేదేంది! నాకు పాపం చుట్టుకోవాల్నా?" అని లేచి పోయినా. ఇంకోసారి అడిగినాడు, ఇంకోసారి తిట్టినా. మళ్ళీ అడగలే.

మళ్ళీ పీర్ల పండగ వచ్చింది. పీర్లను లేపక ముందే మాయనకు నిద్ర పట్టలే, అన్నం సయించలే. మొక్కు తప్పితే ఏమయితాదో అని. చావిడి చూసుకునే ముజావరు మస్తాన్ సాబు ఇంటికొచ్చినాడు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి జతగాళ్ళు. ఆయనే మాట తీసినాడు.

"ఏమప్పా హుసేనూ, గుండం సంగతి ఆలోచిస్తాండావా?"

"అమ్మ మొక్కు గదా మస్తానూ."

"మీయమ్మ మొక్కుకునింది నువ్వు బతకాలని అప్పా. నువ్వు కాలిపోవాలని కాదు." మస్తాన్ సాబు జరిగి మాయన పక్కన కూచున్నాడు. "ఇన్నేండ్లు నువ్వు నిప్పులో నిలబడితే ముందర జై కొట్టింది నేనే. నీ పుండు సంగతి విన్నప్పటి నుంచి నాకు కూడా తిండి సయించలే."

ఆ మాటకు మాయన తువ్వాల మొగానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను లోపలికి పోయి నీళ్ళు తెచ్చే నెపంతో ఏడ్చుకున్నా.

మస్తాన్ సాబే డాక్టరమ్మను అడిగినాడు. పండగ దినాన చావిడి పక్కన బెంచీ వేయించినాడు. గుండం తొక్కాలనుకునే వాళ్ళు ముందర వేలు పొడిపించుకుని, కాళ్ళు చూపించుకోవాల, దారం తగిలేది తెలియని వాళ్ళు ఈ ఏడు బయటనే నిలబడి మొక్కుకోవాల అని మైకులో చెప్పినాడు. తప్పెట్లు మోగుతాండాయి, జనం నిండుగా ఉండారు, బెంచీ కాడికి మాత్రం ఒక్కరూ రాలే. పండగపూట సూదులేంది అని గొణుక్కుంటాండారు.

మాయన పోయి బెంచీ మీద కూచున్నాడు. చెప్పు, మేజోడు తీసి, రెండు వేళ్ళు లేని కాలు అందరికీ కనపడేటట్లు ముందరికి చాపినాడు. పోయినేడు బిడ్డల తలలు నిమిరిన మనిషి. చూడలేక మొగం పక్కకు తిప్పుకున్నా. మగోళ్ళు నలుగురైదుగురు వచ్చి నిలబడినారు. ఆడోళ్ళు రాలే.

"నువ్వు రా. నువ్వు కూచుంటే వాళ్ళూ కూచుంటారు" అన్నాడు నన్ను.

సిస్టర్ మగోళ్ళ వరస చూస్తాండాది. దారం మాయన చేతిలో ఉండాది. ఇంతమందిలో మొగుడు చేత కాళ్ళు పట్టించుకునేదా అని నాకు తల కొట్టేసినట్లుండె. ఆడోళ్ళు పకపకా నవ్వుతాండారు. "ఏమి ఈశ్వరమ్మక్కా, రాజయోగం" అని ఒకామె. ఒకసారికే గదా, నన్ను చూసి వాళ్ళయినా వస్తారు అని కూచున్నా. ఆయన కింద కూచుని నా కాలు తన ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను గట్టిగా కండ్లు మూసుకున్నా. సిగ్గుకు మూసుకున్నా.

నవ్వులు ఇనపడతాండాయి. తప్పెట్లు ఇనపడతాండాయి. నేను కాచుకుని కూచున్నా. శానాసేపయింది.

"పెట్టు మరి, ఎంతసేపు! జనం నవ్వుతాండారు" అన్నా.

నవ్వులు ఆగిపోయినాయి. కండ్లు తెరిచినా. దారం నా బొటనవేలి మీద వంగి ఉండాది. మాయన నా మొగం కల్లా చూస్తాండాడు. ఆయన కండ్ల నిండా నీళ్ళు.

ఆడనే వేలు పొడిచి చూసినారు. షుగరు నాకు కూడా ఉండాది. ఎంత కాలంగా ఉండాదో ఎవరికి తెలుసు. అంతవరకు నేను వేలు పొడిపించుకోలే, కాళ్ళు చూపించుకోలే. దినం దినం ఆయన కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని వెతికినదాన్ని, నా కాళ్ళ కింద ఏముండాదో నాకే తెలియలే. మడమ పగులులో తుమ్మముల్లు ఇరిగిపోయి ఉండాదంట. డాక్టరమ్మ ఆడనే తీసేసింది. పుండు పడలే. "ముందే దొరికినావమ్మా" అనింది. ఆ దినం బెంచీ కాడికి ఆడోళ్ళు వరస కట్టినారు.

ఇప్పుడు మాత్రలు మింగుతాండా. జొన్నరొట్టె, ఆకుకూర తింటాండా, బెల్లం మానుకున్నా. నాకు కూడా మెత్త చెప్పులు వచ్చినాయి. మాయన చెప్పులు వేసుకునే చేన్లోకి పోతాడు, విత్తే దినాల్లో గొర్రు పట్టేదానికి మా అల్లుడొస్తాడు. ఆయన కాలు నిలబడింది. పోయిన స్పర్శ మాత్రం రాలే, రాదని చెప్పినారు. నాది కూడా రాదు.

ఇది చదివే వాళ్ళకు ఒకటే మాట చెప్తా. షుగరు ఉండే వాళ్ళు దినానికి ఒకసారి అరికాళ్ళు చూసుకోండి, నొప్పి లేదని నమ్మొద్దు. ఇంట్లో జబ్బు మనిషికి చాకిరీ చేసే వాళ్ళు ఎవరైనా ఉంటే, అమ్మో, ఆలో, కోడలో, వాళ్ళను కూడా ఒకసారి కూచోబెట్టి వాళ్ళ కాళ్ళు కూడా చూడండి. వద్దంటారు, సిగ్గుపడతారు, తిడతారు. తిట్టనీండి.

పొద్దుండంగానే ముందర నేను ఆయన కాళ్ళు చూస్తా. అయిపోయినాక ఆయన తువ్వాల ఒళ్ళో పరుచుకుని, "ఊఁ, నీవి పెట్టు" అంటాడు. పెడతా.